యాప్‌లో గెలిచిన డబ్బు, కట్ అయిన టీడీఎస్: రిఫండ్ వస్తుందా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా రాస్తాను, మిగతావాళ్లకూ అర్థమవుతుంది. బెంగళూరులో ప్రైవేటు ఉద్యోగం, జీతం ఏడాదికి 9 లక్షలు. 2025 ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఒక ఫాంటసీ క్రికెట్ యాప్‌లో నికరంగా 1,20,000 గెలిచారు, కంపెనీ అందులోంచి 36,000 టీడీఎస్ (డబ్బు చేతికివ్వకముందే పట్టుకునే పన్ను) కట్ చేసింది. అదే రోజుల్లో వేరే రమ్మీ యాప్‌లో 1,50,000 పోగొట్టుకున్నారు. మొత్తమ్మీద చూస్తే నష్టమే కదా, పైగా కొత్త పన్ను పద్ధతిలో 12 లక్షల దాకా పన్నే లేదంటున్నారు కదా, మరి ఆ 36,000 రిఫండ్ వస్తుందా అని అడిగారు.

రాదు. పైపెచ్చు ఇంకో 1,440 రూపాయలు మీరే కట్టాలి.

వినడానికి కష్టంగానే ఉంటుంది, కానీ నా దగ్గరికి రిటర్న్‌ల కోసం వచ్చేవాళ్లలో ఆటలు ఆడిన ప్రతి ఒక్కరూ దాదాపు ఇదే ప్రశ్న అడుగుతారు. అందుకే ఎందుకు రాదో, ఎక్కడ వస్తుందో, ఎక్కడ వస్తుందని చెప్పి మిమ్మల్ని ముంచుతారో వివరంగా రాస్తున్నాను.

జీతం, వడ్డీ, అద్దె లాంటి మామూలు ఆదాయానికి శ్లాబులు ఉంటాయి. ఆటల్లో గెలిచిన డబ్బుకు శ్లాబుల్లేవు. మొదటి రూపాయి నుంచే 30 శాతం, దాని మీద 4 శాతం సెస్, అంటే మొత్తం 31.2 శాతం. లాటరీ, పేకాట, గుర్రప్పందేలు, బెట్టింగ్, టీవీ క్విజ్‌లు అన్నీ 115బీబీ సెక్షన్ కింద వస్తాయి. ఆన్‌లైన్ గేములకు మాత్రం 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి 115బీబీజే అని విడిగా పెట్టారు. రేటు రెండింటికీ ఒకటే. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లన్నీ మారిపోయాయి కానీ, మీరు అడుగుతున్నది 2025-26 ఆదాయం కాబట్టి దాని రిటర్న్ పాత చట్టం ప్రకారమే, పాత నంబర్లతోనే.

12 లక్షల సంగతి. అది మినహాయింపు పరిమితి కాదు, 87ఏ సెక్షన్ కింద ఇచ్చే రిబేటు, అంటే లెక్కగట్టిన పన్నులో ఇచ్చే తగ్గింపు. ఆ రిబేటు శ్లాబుల ప్రకారం లెక్కగట్టిన పన్నుకే వర్తిస్తుంది, ప్రత్యేక రేటు పడే ఆదాయానికి వర్తించదని 2025 బడ్జెట్‌లో స్పష్టంగా రాసేశారు. మీ జీతం 9 లక్షల్లో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోతే 8,25,000 మిగులుతుంది, దాని మీద పన్ను రిబేటుతో సున్నా అవుతుంది, అంతవరకూ మీరు విన్నది నిజమే. ఆటలో వచ్చిన 1,20,000 మాత్రం పక్కన విడిగా నిలబడుతుంది. దాని మీద 36,000 పన్ను, 1,440 సెస్, మొత్తం 37,440. కంపెనీ కట్ చేసింది 36,000 మాత్రమే, ఎందుకంటే ఇక్కడ నివాసం ఉండేవాళ్లకు టీడీఎస్‌లో సెస్ కలపరు. ఆ తేడా 1,440 రిటర్న్ వేసే ముందు మీరే చలానా కట్టాలి. చాలామంది "30 శాతం పోయింది కదా, ఇంకేముంది" అనుకుని వదిలేస్తారు, తర్వాత డిమాండ్ నోటీసు వస్తుంది.

ఇంకో విషయం, 2.5 లక్షలో 4 లక్షలో ఉండే కనీస మినహాయింపు పరిమితి కూడా దీనికి వాడుకోవడానికి లేదు. పొదుపులకు ఇచ్చే 80సీ, ఆరోగ్య బీమాకు ఇచ్చే 80డీ మినహాయింపులు కూడా అంతే. షేర్ల మీద లాభం వస్తే, వేరే ఆదాయం లేని మనిషి తన కనీస పరిమితిని కొంత అటు సర్దుకోవచ్చు. ఆటల డబ్బుకు ఆ వెసులుబాటు లేదు. అందుకే "అమ్మ పేరు మీద, ఆవిడ పాన్‌తో ఆడాను, ఆవిడకు వేరే ఆదాయం లేదు కాబట్టి పన్ను పడదు కదా" అనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, ఆవిడకు పడేదీ అదే 31.2 శాతం, ఒక్క రూపాయి కూడా తగ్గదు, పైగా ఏమీ తెలియని పెద్దావిడ పేరు మీద లావాదేవీలు, నోటీసులు, సంజాయిషీలు మిగులుతాయి. ఆవిడ రిటర్న్ కూడా వేయాల్సి వస్తుంది. ఆదాయం పరిమితి లోపే ఉన్నా సరే, ఏడాదిలో టీడీఎస్, టీసీఎస్ (అమ్మేవాళ్లు మన దగ్గర వసూలు చేసే పన్ను) కలిపి 25,000 చేరితే (60 ఏళ్లు నిండినవాళ్లకు 50,000) రిటర్న్ తప్పనిసరి. లక్ష గెలిస్తే 30,000 టీడీఎస్, కాబట్టి చదువుకునే కుర్రాడైనా ఇంట్లో ఉండే గృహిణి అయినా ఫైల్ చేయాల్సిందే.

ఇప్పుడు అసలు లెక్క. "నికరంగా గెలిచింది" అంటే ఏమిటో చాలామందికి తెలియదు, యాప్ చూపించే "టోటల్ విన్నింగ్స్" అంకె చూసి కంగారు పడిపోతారు. మూడు నెలలు రోజూ ఆడినవాడికి అక్కడ అయిదారు లక్షలు కనబడతాయి, ఎందుకంటే గెలిచిన ప్రతి మ్యాచ్ డబ్బు అందులో కూడుతూ పోతుంది, పోయింది తీసేయదు. పన్ను దాని మీద కాదు. ఆదాయపు పన్ను నిబంధనల్లోని 133వ రూలు ప్రకారం ఆన్‌లైన్ గేమ్‌లో లెక్క ఇలా ఉంటుంది: ఏడాదిలో మీరు బ్యాంకుకు తీసుకున్న మొత్తం, దానికి మార్చి 31న వాలెట్‌లో మిగిలింది కలపాలి. అందులోంచి ఏడాదిలో మీ జేబులోంచి వేసిన డిపాజిట్లు, ఏప్రిల్ 1న వాలెట్‌లో అప్పటికే ఉన్న మొత్తం తీసేయాలి. మిగిలేదే నికర గెలుపు. ఉదాహరణకి, ఏప్రిల్ 1న వాలెట్ ఖాళీ, ఏడాదిలో 40,000 వేశారు, 65,000 తీసుకున్నారు, చివర్లో 5,000 మిగిలింది. 65,000కు 5,000 కలిపి 40,000 తీసేస్తే 30,000. టీడీఎస్ 9,000. అదే కంపెనీలో మీకు రెండు మూడు యూజర్ ఐడీలు ఉంటే అన్నీ కలిపి ఒకటే లెక్క.

కంపెనీ ఇచ్చిన బోనస్ మీ డిపాజిట్ కింద రాదు. వాడుకోవడానికి తప్ప విత్‌డ్రా చేసుకోవడానికి వీల్లేని బోనస్‌ను లెక్కలోకే తీసుకోరు, అది ఎప్పుడైతే తీసుకోగలిగే డబ్బుగా మారిందో అప్పుడు గెలుపులో కలిసిపోతుంది. రిఫరల్ బోనస్ విత్‌డ్రా చేసుకుని, "నేను ఆడనే లేదు, టీడీఎస్ ఎందుకు కట్ అయింది" అనేవాళ్ల సందేహానికి జవాబు ఇదే.

టీడీఎస్ ఎప్పుడు కట్ అవుతుందన్నది ఇంకో ముఖ్యమైన ముక్క, ఎందుకంటే నిజంగా రిఫండ్ వచ్చే సందర్భం ఒకటి ఇక్కడే ఉంది. మీరు 10,000 వేసి ఆడి, ముందు 6,000 తీసుకున్నారనుకోండి, అది మీరు వేసిన దానికంటే తక్కువ కాబట్టి ఏమీ కట్ అవదు. తర్వాత 12,000 తీసుకున్నారు, ఇప్పటిదాకా తీసింది 18,000, వేసింది 10,000, కాబట్టి 8,000 మీద 2,400 కట్ అవుతుంది. (నెలలో నికరం 100 రూపాయల లోపుంటే కట్ చేయనక్కర్లేదని 2023 మేలో సర్క్యులర్ ఇచ్చారు. అంతకు మించితే ఎంత చిన్న మొత్తమైనా కట్ అవుతుంది, పాత 10,000 పరిమితి ఆన్‌లైన్ గేములకు లేదు.) ఆ తర్వాత అదే యాప్‌లో మళ్లీ 10,000 వేసి మొత్తం పోగొట్టుకున్నారు. ఏడాది చివర చూస్తే తీసింది 18,000, వేసింది 20,000, వాలెట్‌లో సున్నా. నికర గెలుపు లేదు, కానీ 2,400 మాత్రం మధ్యలోనే కట్ అయి ఉంది. పన్ను ఏడాది మొత్తం నికరం మీదే కాబట్టి దీన్ని రిటర్న్‌లో చూపించి వాపసు అడగవచ్చు. మీ ఫాంటసీ యాప్‌లో ఇలా ఏమైనా జరిగిందేమో చూసుకోండి, 36,000 కట్ అయ్యాక అదే యాప్‌లో మళ్లీ డబ్బు వేసి ఉంటే లెక్క మారుతుంది. ఈ లెక్కకు యాప్‌లోని లెడ్జర్ (మీరు వేసింది, తీసింది, గెలిచింది, పోయింది అన్నీ ఉండే ఖాతా) కావాలి, బ్యాంక్ స్టేట్‌మెంట్ ఒక్కటి సరిపోదు.

2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం వచ్చాక డబ్బు పెట్టి ఆడే ఆటలు కంపెనీలు ఆపేశాయి, ఫాంటసీ, రమ్మీ, పోకర్ అన్నీ. అందరూ వాలెట్లు ఖాళీ చేసుకున్నారు, ఆ విత్‌డ్రాల మీద చాలామందికి ఒకేసారి టీడీఎస్ పడింది. యాప్ మూతపడింది కాబట్టి ఆ ఏడాది గెలుపు లెక్కలోకి రాదనుకోవద్దు, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా వచ్చిందంతా 2025-26 ఆదాయమే. లెడ్జర్ ఇంకా డౌన్‌లోడ్ చేసుకోకపోతే యాప్ పనిచేస్తుండగానే చేసుకోండి, లేదా కస్టమర్ కేర్‌కు మెయిల్ పెట్టి తెప్పించుకోండి.

ఇక మీ రమ్మీ నష్టం. వేరే కంపెనీలో పోయిన 1,50,000ను ఈ కంపెనీలో గెలిచిన 1,20,000లోంచి తీసేయడానికి వీలుందా? ప్రతి కంపెనీ తన దగ్గరున్న మీ ఖాతాల లెక్కే చూస్తుంది, పక్క యాప్‌లో మీకేమైందో దానికి తెలియదు. రిటర్న్‌లో మీరు సొంతంగా తీసేస్తే, చట్టం ఈ ఆదాయంలోంచి ఏ ఖర్చూ తీసుకోనివ్వదు, ఇంకే నష్టాన్నీ దీనితో సర్దుకోనివ్వదు, కాబట్టి నేనైతే ఎవరికీ అలా వేయమని చెప్పను. పోయిన ఏడాది నష్టం ఈ ఏడాదికి తెచ్చుకోవడం కూడా లేదు. 2024-25లో 80,000 పోగొట్టుకుని, 2025-26లో 50,000 గెలిచినవాడు మొత్తమ్మీద 30,000 నష్టంలో ఉండి కూడా 50,000 మీద 15,600 పన్ను కట్టాలి. వ్యాపారంలో నష్టానికి ఎనిమిదేళ్ల గడువు ఇచ్చే చట్టం దీనికి మాత్రం ఒక్కరోజు కూడా ఇవ్వలేదు. ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది, గెలిచినప్పుడు వాటా తీసుకుని ఓడినప్పుడు మొహం తిప్పుకోవడం ఏ లెక్కన సబబు అని చాలాసార్లు అనుకున్నాను. అయినా చట్టం ఎలా ఉందో అలాగే చెప్పడం నా పని.

ఈ మాట గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, టెలిగ్రామ్‌లో, యూట్యూబ్‌లో "గేమింగ్ టీడీఎస్ 100 శాతం రిఫండ్ ఇప్పిస్తాం, మాకు 20 శాతం ఇస్తే చాలు" అనేవాళ్లు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చారు. వాళ్లు చేసేది ఏమిటంటే, ఆట గెలుపును వ్యాపార ఆదాయంగా చూపిస్తారు, లేదంటే గెలుపును అసలు చూపించకుండా టీడీఎస్ మాత్రం క్లెయిమ్ చేస్తారు, లేదంటే జీతంలో లేని హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం), ఇవ్వని విరాళాలు చూపిస్తారు. రిఫండ్ ఒక్కోసారి ఖాతాలో పడుతుంది కూడా, అది చూసి స్నేహితులందరికీ ఆ నంబరు ఇస్తారు. ఆ తర్వాత నోటీసు వచ్చేది ఏజెంటుకు కాదు, పాన్ ఉన్నవాడికి. ఆదాయాన్ని తప్పుగా చూపించారని తేలితే ఆ పన్ను మీద 200 శాతం దాకా జరిమానా ఉంది, వడ్డీ అదనం. ఆ పాటికి ఏజెంటు ఫోన్ స్విచాఫ్. మా ఊళ్లో ఒక కుర్రాడు ఇలాంటివాడికి తన ఆదాయపు పన్ను పోర్టల్ పాస్‌వర్డ్ కూడా ఇచ్చేశాడు, రిటర్న్‌లో ఈమెయిల్, ఫోన్ నంబరు మార్చేసి ఉండటంతో నోటీసు వచ్చిన సంగతి కూడా నెలల తరబడి అతనికి తెలియలేదు. దయచేసి మీ పోర్టల్‌లోకి వెళ్లి ప్రొఫైల్‌లో ఎవరి ఫోన్ నంబరు ఉందో ఈ రోజే చూసుకోండి.

జీఎస్టీ గురించి కూడా కొందరు అడుగుతుంటారు. డిపాజిట్ మీద 2023 అక్టోబరు నుంచి పడిన 28 శాతం జీఎస్టీ వేరు, ఆదాయపు పన్ను వేరు. అది కంపెనీ ద్వారానే వెళ్లిపోయింది, మీరు దానికి ఏ రిటర్నూ వేయనక్కర్లేదు, వెనక్కీ రాదు.

ఆన్‌లైన్ కాకుండా మిగతావాటి సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే ఈ మధ్య లాటరీల గురించి ఎక్కువమంది అడుగుతున్నారు. మన రెండు రాష్ట్రాల్లో లాటరీలు లేవు. కానీ శబరిమల వెళ్లినవాళ్లు, కేరళలో పని చేసేవాళ్లు అక్కడి ప్రభుత్వ లాటరీ టికెట్లు కొంటూనే ఉంటారు. బంపర్ తగిలితే ఎంత చేతికొస్తుందన్నది పేపర్లలో సగమే రాస్తారు. ఓనం బంపర్ మొదటి బహుమతి 25 కోట్లు తీసుకుందాం. ఏజెంటు కమీషన్ 10 శాతం పోతే 22.5 కోట్లు. 30 శాతం టీడీఎస్ అంటే 6.75 కోట్లు పోయి 15.75 కోట్లు ఖాతాలో పడతాయి. పేపర్లు అక్కడితో ఆపేస్తాయి, మనిషి కూడా అదంతా తనదే అనుకుని బంధువులకు మాటలిచ్చేస్తాడు. అసలు సర్‌చార్జ్, అంటే పెద్ద ఆదాయాలకు పన్ను మీద వేసే అదనపు పన్ను, ఇంకా మిగిలే ఉంటుంది. కొత్త పద్ధతిలో 2 కోట్లు దాటిన ఆదాయానికి పన్ను మీద 25 శాతం సర్‌చార్జ్, అంటే 6.75 కోట్ల మీద ఇంకో 1.6875 కోట్లు. ఆ రెండూ కలిపిన దాని మీద 4 శాతం సెస్, 33.75 లక్షలు. వెరసి ఇంకా 2.025 కోట్లు సొంతంగా కట్టాలి. పాత పద్ధతి ఎంచుకుంటే సర్‌చార్జ్ 37 శాతం, అప్పుడు కట్టాల్సింది దాదాపు 2.87 కోట్లు. ఒక్క టిక్కు గుర్తు తేడాతో 84 లక్షలు! ఈ డబ్బు మార్చి 31 లోపు అడ్వాన్స్ ట్యాక్స్‌గా కట్టేయాలి. గెలుపు ముందే ఊహించలేం కాబట్టి, గెలిచాక మిగిలిన వాయిదాల్లో కడితే ముందు వాయిదాలు కట్టలేదని వడ్డీ వేయరు, మార్చి 31 కూడా దాటిపోతే ఏప్రిల్ నుంచి నెలకు 1 శాతం నడుస్తుంది.

సర్‌చార్జ్ కోటీశ్వరులకే కదా అనుకోవద్దు, 50 లక్షలు దాటితే మొదలవుతుంది. టీవీ క్విజ్‌లో కోటి గెలిచిన మనిషికి వేరే ఆదాయం లేదనుకున్నా 30 లక్షల పన్ను, దాని మీద 10 శాతం సర్‌చార్జ్ 3 లక్షలు, సెస్ 1.32 లక్షలు, మొత్తం 34.32 లక్షలు. ఛానల్ వాళ్లు 30 లక్షలే కట్ చేస్తారు. మిగిలిన 4.32 లక్షలు విడిగా ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టుకోమని చెబుతాను నేను, ఇంటికి అడ్వాన్స్ ఇచ్చేయకముందే.

నలుగురు కలిసి టికెట్ కొన్నప్పుడు జరిగే గొడవ ఒకటుంది. బహుమతి, టీడీఎస్ రెండూ టికెట్ చూపించి బహుమతి తీసుకున్నవాడి పాన్ మీదే పడతాయి. అతను తర్వాత మిగతా ముగ్గురికీ వాటాలు పంపితే, రాతకోతలు లేకపోతే అవి గిఫ్టులుగా కనబడతాయి, స్నేహితుల దగ్గర్నుంచి ఏడాదిలో 50,000 దాటిన గిఫ్టుకు తీసుకున్నవాడు మళ్లీ పన్ను కట్టాలి. ఒకే డబ్బుకు రెండుసార్లు పన్ను. అందుకే డ్రాకు ముందే ఎవరు ఎంత వేశారో గ్రూపులో మెసేజ్ అయినా పెట్టుకోండి, ఫోన్‌పేలో పంపిన వాటా రికార్డు దాచుకోండి.

కారో బైకో బహుమతిగా వస్తే టీడీఎస్ ఎక్కడ కట్ చేస్తారు? వస్తువును కోయలేరు కాబట్టి పన్ను కట్టాకే బహుమతి అప్పగించాలని చట్టం. 8 లక్షల కారుకు 2,40,000 ముందే కట్టాలి. సరిగ్గా ఈ నిబంధనను అడ్డం పెట్టుకునే మోసగాళ్లు "మీకు 25 లక్షల లాటరీ తగిలింది, టీడీఎస్ కడితే రిలీజ్ చేస్తాం" అని వాట్సాప్‌లో ఫోన్లు చేస్తారు, పెద్దవాళ్లు నమ్ముతారు, ఎందుకంటే సగం నిజం. తేడా పట్టుకోవడం తేలికే. నగదు బహుమతికి మీరు ముందుగా ఏదీ కట్టనక్కర్లేదు, అందులోంచే కట్ చేసి ఇస్తారు. వస్తువు అయితే మీరే ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పాన్ మీద చలానా కట్టి దాని కాపీ ఇస్తారు. ఎవరి ఫోన్ నంబరుకో, ఎవరి ఖాతాకో "ట్యాక్స్" పంపమన్నారంటే అది మోసం. ఇది మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఒకసారి కూర్చోబెట్టి చెప్పండి.

మలక్‌పేట రేసుల్లో గెలిచినా ఇదే 30 శాతం. లాటరీకీ, రేసులకూ 2025 ఏప్రిల్ నుంచి ఒక్కో గెలుపు 10,000 దాటితేనే టీడీఎస్, అంతకుముందు ఏడాది మొత్తం కలిపి చూసేవాళ్లు. అయితే ఇది టీడీఎస్‌కు పరిమితి, పన్నుకు కాదు. 9,000 చొప్పున పదిసార్లు గెలిచినవాడికి ఒక్క రూపాయి కట్ అవదు, కానీ 90,000 రిటర్న్‌లో చూపించాలి. పొద్దున రేసులో పోయింది మధ్యాహ్నం రేసులో వచ్చినదానితో సర్దుకోవడం లేదు.

సంక్రాంతికి భీమవరం వైపు కోడిపందేల్లో వచ్చిన డబ్బు కూడా చట్టం దృష్టిలో ఆదాయమే. ఆట చట్టవిరుద్ధమైనా ఆదాయానికి పన్ను ఆగదు, పన్ను కట్టినంత మాత్రాన ఆట చట్టబద్ధమూ అవదు. ఆ నోట్లు తెచ్చి సేవింగ్స్ ఖాతాలో వేస్తే, ఏడాదిలో 10 లక్షలు చేరగానే బ్యాంకు ఆదాయపు పన్ను శాఖకు చెబుతుంది. విదేశాల నుంచి నడిచే బెట్టింగ్ యాప్‌లలో వచ్చినదీ అంతే. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధించాయి, అయినా వీపీఎన్ పెట్టుకుని ఆడేవాళ్లు ఉన్నారని మనందరికీ తెలుసు. అక్కడ టీడీఎస్ ఉండదు, లెడ్జర్ ఉండదు, డబ్బు మాత్రం ముక్కూమొహం తెలియనివాళ్ల ఖాతాల నుంచి మీ ఖాతాలో పడుతుంది. ఆ ఖాతాల్లో ఏదో ఒకటి సైబర్ క్రైమ్ కేసులో ఉంటే మీ ఖాతా కూడా ఫ్రీజ్ అవుతుంది, జీతం పడే ఖాతా అయితే నెలంతా టెన్షన్. అది ఎక్కడి నుంచి వచ్చిందో చూపించలేకపోతే లెక్క చెప్పని డబ్బు కింద వేస్తారు, 2025-26కి దాని మీద పన్ను, సర్‌చార్జ్, సెస్ కలిపి 78 శాతం. చట్టం మీద భయం లేనివాళ్లు కూడా ఈ అంకె చూసి ఆగాలి.

గల్ఫ్‌లో ఉండే మనవాళ్లు అబుదాబి బిగ్ టికెట్ లాటరీ గురించి అడుగుతారు. ఆ ఏడాది మీరు పన్ను లెక్కలో ఎన్‌ఆర్‌ఐ అయి ఉండి, డబ్బు అక్కడే మీ ఖాతాలో పడితే, ఇక్కడ దానికి పన్ను లేదు, తర్వాత ఇంటికి పంపినా పడదు. ఉద్యోగం మానేసి ఆ ఏడాదే ఇండియా వచ్చేసినవాళ్లు మాత్రం ఎన్ని రోజులు ఎక్కడ ఉన్నారో పాస్‌పోర్టు ముందేసుకుని లెక్కపెట్టుకోవాలి. ఇక్కడే ఉంటూ ఆన్‌లైన్‌లో ఆ టికెట్లు కొనడం వేరే సంగతి, లాటరీ టికెట్ల కోసం విదేశాలకు డబ్బు పంపడాన్ని 2000 నాటి ఫెమా (విదేశీ మారక ద్రవ్య చట్టం) నిబంధనలే నిషేధించాయి, గెలిస్తే ఇక్కడ 30 శాతం కూడా పడుతుంది.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులు లాస్ వెగాస్‌లో స్లాట్ మెషీన్‌లో పెద్దది గెలిస్తే అక్కడే 30 శాతం కట్ చేస్తారు. బ్లాక్‌జాక్, రౌలెట్ లాంటి వాటికి అక్కడ నివాసులు కానివాళ్లకు అమెరికా పన్ను లేదు. ఏదైనా ఇక్కడి రిటర్న్‌లో చూపించి, అక్కడ కట్టినదాన్ని ఇక్కడి పన్నులోంచి తగ్గించమని ఫారం 67తో క్రెడిట్ అడగాలి. హెచ్‌1బీ మీద స్థిరంగా ఉన్నవాళ్లకు అక్కడ పోయిన డబ్బు తీసేసుకునే వీలుంది, అదీ ఐటెమైజ్ చేస్తేనే (మినహాయింపులు ఒక్కొక్కటిగా చూపిస్తేనే), గెలిచినంత వరకే. 2025 జులైలో వచ్చిన చట్టంతో 2026 నుంచి నష్టంలో 90 శాతమే ఒప్పుకుంటారు.

మళ్లీ మీ దగ్గరికి వస్తే, చేయాల్సింది ఇది. ముందు పోర్టల్‌లో 26ఏఎస్ (మీ పాన్ మీద జమైన పన్నుల పట్టిక), ఏఐఎస్ (శాఖ దగ్గరున్న మీ ఏడాది లావాదేవీల పట్టిక) రెండూ తీయండి, ఆన్‌లైన్ గేముల టీడీఎస్ సెక్షన్ 194బీఏ కింద గేమ్ కంపెనీ పేరు, గెలుపు, టీడీఎస్ అంకెలు ఉంటాయి, వాటిని యాప్ లెడ్జర్‌తో 133వ రూలు లెక్క వేసి సరిచూడండి. రమ్మీ యాప్ పేరు కూడా అక్కడ ఉందేమో చూడండి, మధ్యలో ఎప్పుడైనా నికరంగా గెలిచి విత్‌డ్రా చేసి ఉంటే దాని మీదా టీడీఎస్ కట్ అయి ఉంటుంది. పైన చెప్పిన 2,400 ఉదాహరణ లాంటిది అదే, ఏడాది చివరికి ఆ యాప్‌లో మీకు నష్టమే కాబట్టి ఆ టీడీఎస్ వాపసు అడగవచ్చు, మీకు నిజంగా రావాల్సిన రిఫండ్ ఏదైనా ఉంటే అది అక్కడే దొరుకుతుంది. అంకెల్లో తేడా కనబడితే ఏఐఎస్‌లో ఫీడ్‌బ్యాక్ ఇచ్చి కంపెనీకి మెయిల్ పెట్టండి.

తర్వాత, రిటర్న్ ఫారాల్లో ఐటీఆర్-1 వేయొద్దు. జీతం మాత్రమే కదా అని ఏటా వేసినట్టే వేస్తే అది లోపమున్న రిటర్న్ అని నోటీసు వస్తుంది. మీకు ఐటీఆర్-2. అందులో ఇతర ఆదాయాల షెడ్యూల్‌లో ఆన్‌లైన్ గేమ్స్‌కు, అంటే 115బీబీజేకి, విడిగా గడి ఉంటుంది, 1,20,000 అక్కడ వేయాలి, లాటరీల గడిలో కాదు. కిందనే ఏ వ్యవధిలో ఎంత వచ్చిందో తేదీలవారీగా అడుగుతుంది, మీ విత్‌డ్రా తేదీలు చూసి నింపండి. టీడీఎస్ షెడ్యూల్‌లో 36,000 ఎదురుగా 1,20,000 కనబడాలి. ఇవి సరిగ్గా నింపితే కట్టాల్సింది 1,440 అని అదే చూపిస్తుంది. ఇ-పే ట్యాక్స్‌లో అసెస్‌మెంట్ సంవత్సరం 2026-27 (2025-26 ఆదాయానికి లెక్క చూసే ఏడాది), సెల్ఫ్ అసెస్‌మెంట్ ట్యాక్స్ ఎంచుకుని కట్టి, చలానా నంబరు రిటర్న్‌లో వేసి సబ్మిట్ చేయండి. మొత్తం బాకీ 10,000 లోపే కాబట్టి అడ్వాన్స్ ట్యాక్స్ వడ్డీ పడదు, జులై 31 లోపు వేస్తే ఆలస్య రుసుమూ లేదు. ఇ-వెరిఫై 30 రోజుల్లో చేయాలి, ఆధార్ ఓటీపీతో రెండు నిమిషాల పని. రమ్మీ లెడ్జర్‌లో టీడీఎస్ కనబడితే ఏ నెలలో ఎంత వేశారు, ఎంత తీశారు అన్న అంకెలు మాత్రం ఇక్కడ పెట్టండి, పాన్, ఖాతా నంబర్లు వద్దు, లెక్క వేసి చెబుతాను.